నూనె దానంతటది దిగాలి

రామగిరి ఘాటీలో నాలుగో మలుపు దగ్గర
పనసకాయల గంపతో ఎక్కిన సవర ముసలమ్మ
"ఆపు, దిగిపోతాను" అంది.
దిగి, గంప నెత్తికెత్తుకుని నడిచింది.
ఐదో మలుపులో మాకంటే ముందుంది.
వ్యానంతా నవ్వారు. నేనూ నవ్వాను
రెండో గేరులో, కాలు అడుక్కంటా తొక్కి,
అద్దంలో నీలప్పొగ చూసుకుంటూ.

పర్లాకిమిడిలో సుదర్శన్ గౌడో షెడ్డు.
లెక్కలు ఒడియాలో కడతాడు, తిట్లు తెలుగులో తిడతాడు,
ఇంజను ముందు మాత్రం ఏ భాషా లేదు, చెవి పెడతాడంతే.
పాత టర్బో ఊడదీసి నా చేతిలో పెట్టాడు.
వేలితో కదిపితే ఇరుసు
ఊడబోయే పన్నులా ఆడింది.
"ఇది గాలి తోలడం మానేసి ఏడాదైంది.
నీ నూనె తాగి బతుకుతోంది."

గోనెసంచి మీద రెండు పెట్టాడు.
ఒకటి బరంపురం తుక్కులో దొరికిన లారీది, గుమ్మడికాయంత.
ఒకటి కొబ్బరిచిప్పంత, అట్టపెట్టెలోది, ధర దానికి రెండింతలు.
నా చెయ్యి గుమ్మడికాయ మీదికే పోయింది.
ఎవరి చెయ్యి పోదు?

"తిన్నటి రోడ్డు మీద ఇది పులి" అన్నాడు.
"మలుపులో నీ ఇంజను నీరసిస్తాది.
ఇంత చక్రాన్ని తిప్పే దమ్ము ఆ పొగకేదీ?
ఇది ఆవలించి లేచేసరికి ఇంకో మలుపొచ్చేస్తాది.
నీకు పిలవగానే పలికేది కావాల."

ఇంటికి ఫోన్ చేశాను.
సుభాషిణి పసుపు అమ్మిన డబ్బు లెక్క
రెండుసార్లు చెప్పింది.
మూడోసారి చెప్పలేదు. అంటే, సరే.

పూట పని అన్నది రెండున్నర రోజులైంది.
తుప్పుకి మానిఫోల్డు స్టడ్డు మొదలంటా విరిగింది.
ఇస్సాకు రైకా, పందొమ్మిదేళ్లవాడు,
మంట, కొవ్వొత్తి, మళ్లీ మంట, మళ్లీ కొవ్వొత్తి,
మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది.
అది కదిలిన క్షణాన వాడి నోట
ముందు ఏసుప్రభువు, వెంటనే ఒక బూతు.

నూనె వచ్చే గొట్టం సులువే. పోయే గొట్టంతోనే పేచీ,
అరంగుళం చోటు చాల్లేదు.
కాస్త పైకెక్కించి దించేద్దామన్నాను.
గౌడో స్పానరు కింద పెట్టేశాడు.
"లోపలికి రావడానికి పంపు తోస్తాది.
బయటికి తోసేవాడెవడూ లేడు, దానంతటది దిగాలి.
దార్లో ఒక్క మెట్టెక్కమన్నావా,
అక్కడే కూలబడి కాలి బొగ్గైపోద్ది."
మడతమంచం గొట్టం కోసి
దానికి పల్లపు దారి వెల్డింగు చేశాడు.

డీజిల్ స్క్రూ పావుచుట్టు తిప్పాడు. ఇంకాస్త, అన్నాను.
"గాలి పెరిగిందని అన్నం రెట్టింపు పెడితే
నల్లగా కక్కుద్ది."
స్టాప్ తీగ లాగిపట్టి, అంటుకోనీకుండా
సెల్ఫు తిప్పించాడు, నూనె పైకి చేరేదాకా.
తర్వాత వదిలాడు.
సన్నగా ఈల.
తన చెల్లెలు ఊదే ఆకుబూరలా ఉందన్నాడు ఇస్సాకు.

నాలుగో మలుపు, మూడో గేరు.
చూసేవాళ్లు లేరు. వెనక అందరూ నిద్ర.

మూడు వారాలకి ముసలమ్మ మళ్లీ ఎక్కింది.
ఈసారి అనాసపళ్లు.
కొండమీద బండి ఆపి ఇంజను ఆపలేదు,
రెండు నిమిషాలు, గౌడో ఆజ్ఞ.
ఎందుకు ఆపవంది.
లోపల చక్రం ఇంకా తిరుగుతోంది,
ఇప్పుడాపితే దానికి నూనె అందదన్నాను.
"మాకు తెల్దా? బరువెత్తుకొచ్చినోళ్లం
గబుక్కున కూకోం" అంది.

ఛార్జీలో ఐదు రూపాయలు తక్కువిచ్చింది.
ఇదేంటమ్మా అంటే,
ఈసారి నీ బండిలో కూర్చున్నది తక్కువసేపే కదా, అంది.